భయమే మొదటి మాట అన్న సార్

అఫ్సర్ భాయ్ నుంచి ఫోన్ వస్తే నాకు ఇప్పటికీ భయమే. మంచి కబురైతే ఆయన వాట్సాప్‌లో ఓ గులాబీ పువ్వు పంపి ఊరుకుంటాడు. నోటితో చెప్పక తప్పని కబురైతేనే ఫోన్ చేస్తాడు. మొన్న పొద్దున నేను రోడ్డు పని దగ్గర బండి నీడలో చాయ్ తాగుతుంటే మోగింది. ఖతర్ నంబరు. గ్లాసు కింద పెట్టేసి, ఎవరికేమైందో అని దండం పెట్టుకుంటూ ఎత్తాను.

“భాయ్, కూసున్నవా? కూసో ముందుగాల. సార్ గుజర్ గయే. మన సార్.”

సార్ కొడుకు ఆయనకు చెప్పాడట, ఆయన నాకు చెప్పాడు. పక్క జిల్లాలో పోయిన మనిషి కబురు నాకు సముద్రం అవతలి నుంచి వచ్చింది. ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెబితే, “ఎవరు? గా దుబాయ్ సారా? బల్లిని జూసి పాలగిన్నెల కాలువెట్టినాయననా?” అంది. ఖతర్ అని వెయ్యిసార్లు చెప్పాను. మా ఊళ్లో విమానం ఎక్కితే దుబాయే. సరే, ఆవిడకు బల్లి సంగతైనా గుర్తుంది. నాకు ఆ మనిషి గొంతు గుర్తుంది. వద్దన్నా పోయేది కాదు అది.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికుంటే ఆయనే వద్దనేవాడు, పేరు బయటికొస్తే ఏం జరుగుతుందోనని. అంత పిరికివాణ్ని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఈ మాట ఆయన ముందే అనేవాళ్లం, ఆయన తల ఊపేవాడు. కరీంనగర్‌లో ఓ ప్రైవేటు కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి, ఆ కాలేజీ మూతబడితే మాతోపాటు ఖతర్‌కు పనికొచ్చాడు. బిర్కత్ అల్ అవామిర్‌లో మా క్యాంపు. స్టేడియం పని. నేను టవర్ క్రేన్ ఆపరేటర్‌ని, ఆయన కింద నిలబడి సైగలతోనూ రేడియోలోనూ బరువు ఎటు దించాలో నాకు చెప్పే సిగ్నల్ మ్యాన్. అఫ్సర్ భాయ్ మా ఫోర్‌మన్, నిజామాబాదాయన.

పిరికివాళ్లు లోకంలో చాలామంది ఉంటారు, కానీ దాచుకుంటారు. సార్ దాచేవాడు కాదు. అదే ఆయన ప్రత్యేకత. పొద్దున బస్సు ఎక్కగానే, డ్రైవరు కొంచెం గట్టిగా బ్రేకు వేస్తే చాలు, “నాకు భయమైతుందయ్యా” అని అందరికీ వినబడేలా అనేవాడు. క్యాంటీన్‌లో గిన్నె మూత తియ్యాలంటే గరిటెతో దూరం నుంచి తీసేవాడు. కరక్ చాయ్‌ని రెండు పేపరు కప్పుల మధ్య అటూ ఇటూ పోసి, పోసి, చల్లార్చి చెరుకురసంలా చేసుకుని తాగేవాడు. “నాలిక కాలిందనుకో, రేపు నేనెట్ల మాట్లాడాలె? నేను మాట్లాడకపోతే నువ్వెట్ల దించుతవు?” అనేవాడు నాతో. సైటులో ఈజిప్టు నుంచి వచ్చిన ఓ సూపర్‌వైజరు ఉండేవాడు, తలుపంత మనిషి. సార్ ఆయన్ను చూసి మొదటి నెలంతా స్తంభాల చాటునుంచే నడిచాడు.

మేం నవ్వేవాళ్లం. నవ్వితే కోపం వచ్చేది కాదు. “భయపడుడు తప్పు గాదు తమ్మీ. జెప్పకపోవుడు తప్పు” అనేవాడు. రోజుకు ఎన్నిసార్లు అనేవాడో లెక్కలేదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లోపల ముల్లు గుచ్చుకునేది. ఎందుకో తర్వాత చెబుతాను.

శుక్రవారాలు ఏషియన్ టౌన్‌కు పోయేవాళ్లం. మిగతావాళ్లు సినిమాకో, క్రికెట్టు చూడటానికో పోయేవారు. మేం ముగ్గురం గ్రౌండు బయట గట్టు మీద కూర్చునేవాళ్లం, ఎందుకంటే లోపల బంతి తగులుతుందని సార్‌కి భయం. అక్కడ మొదలయ్యేది ఆయన పురాణం. మూడు వందల ఏళ్ల కింద యూరప్‌లో తలకు విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషులు కొందరు ఉండేవాళ్లట. వాళ్లకు వేరే పని లేదట. అసలు మనిషి నోట మొదటి మాట ఎట్లా పుట్టింది అని ఏళ్ల తరబడి కొట్లాడుకున్నారట. సార్ ఆ కొట్లాటను నిన్న మా క్యాంపు వరండాలో జరిగినట్టు చెప్పేవాడు.

“దేవుడు నేర్పిండు సార్, ఖతం” అనేవాడు అఫ్సర్ భాయ్.

“గట్ల అన్నోళ్లు గూడ ఉండిరి భాయ్ ఆళ్లల్ల. ఇంకొకలు ఏమన్నరంటే, మనుషులంత ఒక్కకాడ కూసోని ఒప్పందం జేసుకున్నరు, గిది రాయి, గిది నీళ్లు, గిది నిప్పు అని.”

“అచ్ఛా. కంపెనీల అగ్రిమెంటు లెక్క.”

“మరి గా ఒప్పందం ఏ భాషల మాట్లాడుకున్నరు?” అని సార్ చెయ్యి ఎత్తి ఆపేవాడు, క్రేన్ ఆపినట్టే. “భాషే లేనప్పుడు ఒప్పందం ఎట్ల జేసుకుంటరు? అగో, గాడ ఇరుక్కున్నరు పెద్దమనుషులు!” అని తొడ చరుచుకుని నవ్వేవాడు. విగ్గుల వాళ్లు ఇరుక్కున్నందుకు ఈయనకంత సంబరం ఏమిటో మాకు అర్థమయ్యేది కాదు గానీ, ఆ నవ్వు చూస్తే మాకూ నవ్వొచ్చేది.

ఆ పెద్దమనుషుల్లో ఒకాయన ఓ కథ కట్టాడట. మాట రాని ఇద్దరు పసివాళ్లు ఎడారిలో తప్పిపోతారు. ఒకడికి చెట్టు మీది పండు అందదు. చేతులు చాపి మూలుగుతాడు. రెండోవాడికి ఆ మూలుగు వింటే ప్రాణం ఉసూరుమంటుంది, తెంపి ఇస్తాడు. మళ్లీ పండు కావాల్సి వచ్చినప్పుడు మొదటివాడు కావాలనే ఆ మూలుగు మూలుగుతాడు. అదే మొదటి మాట. ఈ కథ సార్ మా బస్సు ఇసుక మైదానం పక్కనుంచి పోతుంటే కిటికీలోంచి వేలు చూపిస్తూ చెప్పాడు, ఆ పిల్లలు అక్కడే ఎక్కడో ఉన్నట్టు.

“ఎడారిల పండు ఏడికెల్లి వచ్చె సార్?” అన్నాను నేను.

ఆయన మొహం మాడిపోయింది. ఆ రోజంతా పొడిపొడిగా మాట్లాడాడు. మరునాడు బస్సెక్కుతూనే నా పక్కన కూలబడి, “పండు గాదు తమ్మీ, పాము” అన్నాడు. “ఆకలైతే మనిషి ఒర్రడు, కేకెయ్యడు. గమ్మున పోయి తెంపుకొని తింటడు, ఇంకొకనికి జెప్తే వాడు గుంజుకుంటడాయె. భయమైతేనే ఒర్రుతడు. ఒక్కనితోని కానిది భయం. ఇంకొకడు గావాలె. గందుకే మొదటి మాట భయం.” రాత్రంతా నిద్ర మానుకుని ఆలోచించినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. మూడు వందల ఏళ్ల కొట్లాటను నా ఒక్క ఎకసెక్కానికి తెగ్గొట్టేశాడు మహానుభావుడు.

ఇక పని సంగతి. స్టేడియం గోడ లేచాక, దాని అవతల దించే బరువు నాకు పైనుంచి కనబడదు. కొక్కానికి తగిలించినప్పుడు కనబడుతుంది, గోడ దాటాక అంతా గుడ్డిదే. అప్పుడు నాకు కళ్లు, చెవులు, బుర్ర అన్నీ వాకీటాకీలో సిగ్నల్ మ్యాన్ గొంతే. దానికో కట్టుబాటు ఉంది. దించుతున్నంతసేపు అతను ఆగకుండా “దించు, దించు, దించు” అంటూనే ఉండాలి. మాట వస్తున్నంతసేపే నా చెయ్యి కదలాలి. మాట ఆగిందా, చెయ్యి ఆగాలి. ఎందుకాగింది అని అడగకూడదు. వాకీ పాడైందా, మనిషి పడిపోయాడా, దగ్గొచ్చిందా, అనవసరం. ఆగడమే.

మా ఇద్దరిదీ ఒకటే భాష గనక తెలుగులో మాట్లాడుకోనిచ్చారు. మిగతావాళ్లు “దించు దించు” అని గడియారంలా అనేవాళ్లు. సార్‌కి రెండు మాటల మధ్య ఖాళీ ఉంటే భయం. అందుకని ఆ ఖాళీలు కూడా నింపేవాడు. “దించు… దించు నాయనా… పాలకుండ దించినట్టు దించు… ఇగ రెండు జానలున్నది దించు… ఓ నా బంగారు తండ్రి, మెల్లగ…” అఫ్సర్ భాయ్ ఎన్నిసార్లు తిట్టాడో, “వాకీల పెండ్లిపాటలు పాడకు సార్” అని. వినేవాడు కాదు.

నేను హెల్పర్‌గా వచ్చి ఆపరేటర్‌నైనవాణ్ని. మా క్యాంపులో అలాంటివాణ్ని నేనొక్కణ్నే. మొదట్లో పైకెక్కితే రాజాలా ఉండేది. ఒకరోజు గాలి ఉన్నట్టుండి లేచి, నేను దిగేలోపే క్యాబిన్‌ను పట్టి కుదిపింది. ఏమీ కాలేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి నిచ్చెన సగం ఎక్కేసరికి నా అరచేతులు తడిసిపోయేవి. పైన కూర్చుంటే కాళ్ల కింద అద్దంలోంచి నేల కనబడుతుంది. చూడకూడదని ఒట్టు పెట్టుకుని చూసేవాణ్ని. వాకీ మోగనప్పుడు, ఒక్కణ్నే ఉన్నప్పుడు, గొంతులోంచి నాకు తెలియకుండానే ఓ చప్పుడు వచ్చేది. మూలుగూ కాదు, ఏడుపూ కాదు. దాన్ని విని నాకే ఇంకా భయమేసేది.

ఎవరికి చెప్పను? ఆపరేటర్ నోట భయం అన్న మాట వస్తే ఇంకోసారి పైకి పంపరు, విమానం ఎక్కిస్తారు అని మా అందరి నమ్మకం. నిజమో కాదో అడిగి తెలుసుకునే ధైర్యం ఎవడికుంది? కింద సార్ బల్లికీ బొద్దింకకీ “భయమైతుంది” అని ఊరంతా చాటుతుంటే, పైన నేను నోరు మూసుకుని చస్తుండేవాణ్ని. ఆయన మీద నాకు కోపం కూడా వచ్చేది. ఆయన భయం చిల్లర భయం, నాది అసలు భయం అనుకునేవాణ్ని.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు దగ్గరపడుతోంది. పని తొందర పెరిగింది. ఆ రోజు ప్రేక్షకులు కూర్చునే మెట్ల స్లాబులు దించుతున్నాం. ఒక్కోటి లారీ అంత పొడవు. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టబోతుండగా, ఒక స్లాబు గోడ అవతలికి పోయింది. సార్ మొదలెట్టాడు. “దించు… దించు… అందరిని అవుతలికి వంపిన, నేనొక్కన్నే ఉన్న, దించు…” అది ఆయన అలవాటు. బరువు దిగే చోటు నుంచి తనవాళ్లందరినీ తరిమేసేవాడు. వాళ్లకేమన్నా అయితే చూడటం భయం.

అంతలో పడమట ఆకాశం గోధుమరంగుకు తిరిగింది. ఇసుక గాలి. చూస్తుండగానే పక్క క్రేన్ మాయమైంది, తర్వాత గోడ మాయమైంది, తర్వాత నా క్రేన్ చెయ్యి కొస కూడా మాయమైంది. అద్దాల మీద ఇసుక జల్లులా కొడుతోంది. గాలి హెచ్చరిక పీప్ పీప్ మంటోంది. నా అరచేతుల్లోంచి చెమట లివర్ మీదికి కారుతోంది.

“దించు… దించు… గాలి జూసినవా తమ్మీ, నాకు మస్తు భయమైతుంది, దించు… దిం…”

ఆగిపోయింది.

నా చెయ్యి ఆగింది. బ్రేకు వేశాను. స్లాబు ఎక్కడుందో తెలియదు, నేలకు ఎంత ఎత్తులో ఉందో తెలియదు, గాలికి ఊగుతోందని మాత్రం క్రేన్ ఒళ్లంతా చెబుతోంది. కుర్చీ కింద నుంచి కటకట చప్పుడు. అమ్మా అనుకున్నాను. మా అమ్మ పోయి చాలా కాలమైంది, అయినా అనుకున్నాను.

అప్పుడు వాకీలోంచి వచ్చింది ఆ చప్పుడు. “ఊ… హూ… ఆఁ… హూ…” మాట కాదు. గరగర మధ్యలో లేస్తూ పడుతూ ఏదో. బటన్ నొక్కి “సార్! సార్!” అని అరిచాను. నా మాట పోలేదు. అవతల ఎవరి బటనో నొక్కుకుపోయి ఉంది. ఒకరి బటన్ నొక్కి ఉన్నంతసేపు ఆ చానల్‌లో ఇంకెవరి మాటా పోదు. ఇసుక గాలి లేస్తే మావాళ్లు ఓ పని చేసేవాళ్లు. మొహానికి చుట్టుకున్న రుమాలునే ఛాతీ మీద ఉన్న వాకీకి కూడా చుట్టి బిగించి కట్టేసేవాళ్లు, దుమ్ము పోకుండా. ముడి బటన్ మీద పడితే ఇంతే సంగతులు. కట్టొద్దని కంపెనీ మొత్తుకుంటూనే ఉంది, అందరూ కడుతూనే ఉన్నారు. మా ప్రాంతం వాళ్లయితే మరీను, వాకీని చంటిపిల్లను కట్టుకున్నట్టు కట్టుకునేవాళ్లు.

జేబులో ఫోన్ మోగింది. ఇంజనీరు.

“రేడియో ఖరాబ్ హై. వో హవా కీ ఆవాజ్ హై. నీచే కోయీ నహీ, సబ్ భాగ్ గయే. ఉతారో, జల్దీ ఉతారో!”

రేడియో పాడైంది, అది గాలి చప్పుడు, కింద ఎవరూ లేరు, దించెయ్. అన్నీ సరైన మాటలే. ఆయన్ను నేను తప్పుపట్టను. బరువు గాలిలో అలాగే ఊగితే క్రేనే విరగొచ్చు, అందులో నేనున్నాను. ఆయన భయం ఆయనది. నా ప్రాణం కూడా దించెయ్ దించెయ్ అనే కొట్టుకుంటోంది. స్లాబు నేలనంటితే నేను బతుకుతాను. లివర్ మీద చెయ్యి ఉంది. కొంచెం ముందుకు తోస్తే చాలు.

వాకీలో మళ్లీ. “హూ… ఊ… ఊఁ…”

ఆ చప్పుడు నాకు తెలుసు. గాలి అలా చెయ్యదు. రోజూ ఈ కుర్చీలోనే నా గొంతులోంచి వచ్చే చప్పుడు అది. అచ్చం అదే. కింద ఓ మనిషి ఉన్నాడు, ఒక్కడే ఉన్నాడు, నా బరువు కింద ఉన్నాడు.

“నహీ సాబ్” అన్నాను. “నీచే ఆద్మీ హై.”

“తుమ్ కో కైసే మాలూమ్?”

నీకెట్లా తెలుసు అంటే ఏం చెప్పను? చెప్పలేదు. ఆయన తిట్టాడు. రేపటినుంచి నీకు పని లేదన్నాడు. నేను రెండు చేతులూ లివర్ మీంచి తీసి ఒడిలో పెట్టుకున్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం లేదు. క్రేన్ ఊగుతోంది, నేను మూలుగుతున్నాను, వాకీలో ఆయన మూలుగుతున్నాడు. ఎంతసేపో తెలియదు. జీవితంలో అంత భయం నేను మళ్లీ ఎరగను.

చివరికి అఫ్సర్ భాయ్ ఫోన్. గోడ పట్టుకుని తడుముకుంటూ లోపలికి పోయాడట. “భాయ్! సార్ ఉన్నడు! స్లాబ్ ఊగి సార్‌ను పిల్లర్‌కు గొట్టింది, కాళ్లు కింద ఉన్నయి. దించకు, అల్లా కసమ్, దించకు. ఎత్తు. జర్రంత ఎత్తు… ఎత్తు… ఎత్తు… బస్!”

దించి ఉంటే సార్ కాళ్లు ఉండేవి కావు. మనిషే ఉండేవాడు కాడేమో. పని లేదన్న మాట ఇంజనీరు మళ్లీ ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత అల్ సద్‌లో క్లినిక్‌కు పోయాను. ఎడమచేతికి పిండికట్టు, పక్కటెముకలకు పట్టీ. కిటికీ పక్క మంచం వద్దని తలుపు పక్కకు మార్పించుకున్నాడట, అద్దం పగిలి మీద పడుతుందని. అది విని నాకు ప్రాణం లేచొచ్చింది. మనిషి మారలేదు.

నన్ను చూడగానే ఎట్లున్నవు అనలేదు. “తమ్మీ, వాకీల నేనేమన్న?” అన్నాడు.

“ఏమనలే సార్.”

“ఏమో అన్న. నాకు యాదికొస్తలేదు. ఆపు అన్ననా?”

“అనలే.”

“ఇంగ్లీషుల అన్ననా? స్టాప్ అని?”

“లేదు సార్. మూలిగిన్రు.”

“ఉత్తగ?”

“ఉత్తగనే. బర్రె ఒర్రినట్టు.”

ఆయన మొహం చూడలేకపోయాను. పిల్లలకు అన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, విగ్గుల పెద్దమనుషులనే ఇరుకున పెట్టిన మనిషి, తీరా తన మీదికి వచ్చేసరికి రెండక్షరాలు దొరకలేదని సిగ్గుపడుతున్నాడు. పిండికట్టు వైపు చూస్తూ, “థూ, నా సదువు పాడుగాను” అన్నాడు.

“మాటలైతే ఇంజనీరు గూడ అన్నడు సార్. మస్తు మంచి మాటలన్నడు. నేను నమ్మలే” అన్నాను.

తల ఎత్తాడు. “మరి గది గాలి గాదు, మనిషి అని నీకెట్ల ఎరుక?”

ఇంజనీరు అడిగిందే. ఇంజనీరుకు చెప్పకుండా తప్పించుకున్నాను. ఈయన అలా వదిలే మనిషి కాదు. నర్సమ్మ మందులిచ్చి పోయేదాకా ఊరుకున్నాను. క్రేన్ మీద ఎంత భయపడ్డానో అంతా మళ్లీ వచ్చింది.

“నేను గూడ పైన గట్లనే ఒర్రుత సార్. రోజు.”

సార్ తలుపు వైపు చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. తర్వాత, “ఎవలకన్న జెప్పినవా?” అన్నాడు.

“జెప్తే ఇంటికి వంపరా?”

“పంపుతరేమో. నాకెరుక లేదు” అన్నాడు. అబద్ధమాడి ధైర్యం చెప్పలేదు. ఆయన కళ్లలో నిజంగానే భయం కనబడింది, ఈసారి నా కోసం. “నువ్వు గిట్లనే ఎక్కితే ఎప్పుడో ఒకనాడు కింద ఎవడో సస్తడు తమ్మీ. లేకుంటే నువ్వే సస్తవు. రేపు ఎక్కకు.”

“ఏమని జెప్పాలె?”

“ఉన్నదే జెప్పు.”

“మీరు ఫోన్ జేసి అఫ్సర్ భాయ్‌కి జెప్పుండ్రి సార్. మీరు జెప్తే వింటడు.”

“నా భయమంటె నేను జెప్పుకుంట. నీది నేనెట్ల జెప్త?” అన్నాడు.

మరునాడు పొద్దున బస్సు ఎక్కాను. సార్ కూర్చునే సీటులో ఎవరూ కూర్చోలేదు. సార్ గొంతు తప్ప బస్సులో ఎప్పుడూ చప్పుడుండదు, ఇప్పుడు అదీ లేదు. అందరి మొహాలూ కిటికీల వైపు. నా పక్కన, బరువులకు తాళ్లు కట్టే నేపాలీ రిగ్గర్ కళ్లు మూసుకున్నాడు. ముందు సీటులో అఫ్సర్ భాయ్ టోపీ కనబడుతోంది. స్టేడియం దూరం నుంచి కనబడింది, దాని మీద నా క్రేన్. ఇక ఆగితే నా వల్ల కాదనిపించింది.

“నాకు పైకెక్కాలంటె భయమైతుంది” అన్నాను. గట్టిగానే అన్నాను. తెలుగులోనే వచ్చింది, వేరే భాష తట్టలేదు.

కళ్లు మూసుకున్నవాడు తెరిచాడు. “క్యా హువా?”

“డర్ లగ్తా హై భాయ్” అన్నాను.

అయిపోయింది, పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. మా ఇంటి గడప కళ్ల ముందు కనబడింది. అఫ్సర్ భాయ్ టోపీ కదల్లేదు.

“మలాయీ పని” అన్నాడు నేపాలీ, నా వైపు చూడకుండా. నాకు కూడా అని.

వెనక సీటులోంచి బంగ్లాదేశ్ పెద్దాయన, గడ్డం నెరిసినవాడు, ఏనాడూ పెదవి విప్పనివాడు, “అమారో భయ్ లాగే” అన్నాడు. ఆ వెనక బీహారు వాళ్లిద్దరు ఒకరి మీద ఒకరు పడి ఏదో అన్నారు. మా జగిత్యాల వాడొకడు, “నాకైతె ఇంటికాడ ఫోన్ మోగినా భయమే” అన్నాడు. ఆ తర్వాత ఎవరేమంటున్నారో తెలియలేదు. ఎవడి భాషలో వాడు, అందరూ ఒక్కసారే. డ్రైవరు వెనక్కి తిరిగి “యల్లా, చుప్!” అని అరిచాడు. ఎవరూ ఆగలేదు.

అఫ్సర్ భాయ్ ముందుకే చూస్తూ అన్నాడు, “పైన నీకే భయమనుకుంటున్నవా భాయ్? కింద నిలబడి మీ అందర్ని లెక్కవెట్టుకునెటోనికి ఎట్లుంటదో ఎరికేనా?”

నన్నెవరూ ఇంటికి పంపలేదు. జాలి కాదు, ఆటలు దగ్గరపడుతుంటే మనుషులు దొరక్క. నేల మీద తిరిగే క్రేన్ ఇచ్చారు, ఊరికి తిరిగొచ్చాక ఇప్పటికీ అదే నా తిండి. చెయ్యి సరిగా అతుక్కోక సార్ కొద్ది వారాలకే ఇంటికి వెళ్లిపోయాడు. స్టేడియంలో మొదటి ఆట ఆయన టీవీలో కూడా చూడలేదట, జనం అంతమంది ఎక్కితే మనం పెట్టిన మెట్లు ఏమవుతాయోనని.

బస్సులో ఆ మాట అన్న రోజు మాత్రం మధ్యాహ్నం బెల్లు కొట్టగానే, అన్నం డబ్బా మూత కూడా తియ్యకుండా, క్లినిక్‌లో ఉన్న సార్‌కి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఆయన మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి చెప్పమన్నాడు. ముందు ఎవరన్నారు, నేపాలీ ఏమన్నాడు, ముసలాయన ఏ భాషలో అన్నాడు, అన్నప్పుడు మొహం ఎట్లా పెట్టాడు, వాడన్నది వీడికి అర్థమైందా, ఎట్లా అర్థమైంది, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాను. తర్వాత కోపమో ఏడుపో తెలియని గొంతుతో,

“గన్ని దినాలు నేను పక్కపొంటి కూసోని వస్తి గదరా. నేను లేనప్పుడే మాట్లాడుడు షురూ జేసిన్రా!” అన్నాడు.